గాలికి జరిగిపోయే కుక్క, వినపడని విజిల్: నవంబరులో బ్లైండ్ రిట్రీవ్ ఎందుకు చెడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికాలో మినియాపోలిస్ పక్కన ఉంటున్నారు. రెండున్నరేళ్ల మగ ల్యాబ్ (లాబ్రడార్ రిట్రీవర్, వేటలో పడిన పక్షిని తెచ్చిపెట్టే జాతి), పేరు బ్రూనో. అక్టోబరు దాకా వంద గజాల బ్లైండ్‌కి, అంటే తను చూడకుండా పెట్టినదాన్ని తేవడానికి, గీత గీసినట్టు వెళ్ళేవాడు. నవంబరులో వాయవ్యం గాలి మొదలయ్యాక మూడు తేడాలు వచ్చాయి. సగం దారిలో కుడికి కొట్టుకుపోతున్నాడు. విజిల్ ఊదితే ఆగట్లేదు. ఒక్కోసారి ఊదకుండానే తనంతట తనే ఆగి, వెనక్కి తిరిగి మీ మొహం చూస్తున్నాడు. మే నెలలో సీనియర్ హంటర్ టెస్టుకి, అంటే రిట్రీవర్లకి పెట్టే వేట పరీక్షల్లో మధ్య స్థాయి దానికి, తీసుకెళ్ళాలని మీ కోరిక. కాలర్ (మెడకి కట్టి రిమోట్‌తో చిన్న షాక్ ఇచ్చే పట్టీ) లెవెల్ పెంచాలా, లేక ఈ చలికాలం ట్రైనింగ్ ఆపేయాలా అన్నది ప్రశ్న.

రెండూ వద్దు. లెవెల్ పెంచడం అసలు వద్దు. ఒక రెండు వారాలు ఆ కాలర్ రిమోట్‌ని కారులోనే వదిలేసి ఫీల్డులోకి దిగండి. మీరు చెప్పిన మూడు తేడాల్లో మొదటి రెండూ బ్రూనో తప్పులు కాకపోవచ్చు. మూడోది మాత్రం మొదటి రెండింటికీ మీరు వాడిని తిట్టడం వల్ల వచ్చి ఉంటుంది. ఇంత ఖాయంగా ఎలా చెబుతున్నానంటే, సరిగ్గా ఇదే పని నేను చేశాను కాబట్టి.

కొత్తగా ల్యాబ్ తెచ్చుకున్నవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. పక్షి పడటం కుక్క కళ్ళారా చూస్తే దాన్ని మార్క్ అంటారు. పడింది కుక్కకి తెలీదు, మనకి మాత్రమే తెలుసు, అప్పుడు అది బ్లైండ్. మార్క్‌కి కుక్కని పేరు పెట్టి పంపుతాం, బ్లైండ్‌కి ‘బ్యాక్’ అని పంపుతాం. దారి తప్పితే ఒక్క విజిల్. ఆగి మన వైపు తిరిగి కూర్చోవాలి. అప్పుడు చేత్తో దారి చూపిస్తాం. చెయ్యి పక్కకి చాపితే ‘ఓవర్’, పైకెత్తితే ‘బ్యాక్’, ఆ రెంటికీ మధ్య ఐమూలగా ఎత్తితే ‘యాంగిల్ బ్యాక్’. ఈ చేతి సైగల పద్ధతి అమెరికాకి 1930లలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డేవ్ ఇలియట్ అనే ట్రైనర్ ద్వారా వచ్చింది. గొర్రెల కుక్కలని దూరం నుంచి నడిపించడం చూసి, అదే పని రిట్రీవర్‌తో ఎందుకు చేయించకూడదు అనుకున్నాడాయన. ఇంకోటి, ‘కోల్డ్ బ్లైండ్’ అనే మాట విని చలికి సంబంధించినది అనుకోకండి. అంతకుముందు కుక్కకి నేర్పని, కొత్త చోట పెట్టిన బ్లైండ్‌ని అలా అంటారు. జూలైలో చెమటలు కారుతున్నప్పుడు పెట్టినా అది కోల్డ్ బ్లైండే.

ఇక నా సంగతి. నా మొదటి కుక్క కాటుక. పేరుకి తగ్గట్టే నల్లటి ఆడ ల్యాబ్. మూడో ఏట నవంబరులో, కోసేసిన మొక్కజొన్న చేలో, ఎదురుగాలిలో నూట యాభై గజాల బ్లైండ్ పెట్టాను. వంద గజాల దగ్గర విజిల్ ఊదాను. ఆగలేదు. మళ్ళీ ఊదాను. ఆగలేదు. మూడోసారి ఊదుతూ కాలర్ బటన్ నొక్కాను. కెవ్వుమని అరిచి, అక్కడే చతికిలబడి, నాలుగు దిక్కులూ చూసింది. నా వైపు కాదు, నాలుగు దిక్కులూ. నాకు ఆ రోజు అది అర్థం కాలేదు. ‘ఆగింది కదా, పని చేసింది’ అనుకున్నాను. ఆ చలికాలం అంతా అది ముప్ఫై గజాలకొకసారి ఆగి వెనక్కి చూడటం మొదలుపెట్టింది.

జనవరిలో నాతో పాటు ట్రైన్ చేసే ఒక పెద్దాయన, రిటైరైన రైతు, నన్ను ఆ చేలోనే నిలబెట్టి విజిల్ తీసుకున్నాడు. ‘నువ్వెళ్ళి కుక్క ఉన్నచోట గొంతుక్కూర్చో’ అన్నాడు. వెళ్ళాను. గాలి నా వైపు నుంచి ఆయన వైపు వీస్తోంది. కూర్చుని చూస్తున్నాను. ఆయన విజిల్ నోట్లో పెట్టుకోవడం కనిపించింది, బుగ్గలు ఉబ్బడం కనిపించింది. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. లేచి నిలబడ్డాను. అప్పుడు సన్నగా, ఎక్కడో పక్క ఊళ్ళో ఊదినట్టు వినపడింది. కాటుక చెవులు నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటాయి. అది వినలేదు. వినని దానికి నేను శిక్ష వేశాను.

దీనికి కారణం ఉంది. నేల దగ్గర గడ్డి, మట్టిపెళ్ళలు అడ్డం కాబట్టి గాలి నెమ్మదిగా పోతుంది, పైకి వెళ్ళేకొద్దీ వేగం పెరుగుతుంది. గాలికి ఎదురుగా వెళ్ళే శబ్దం ఈ తేడా వల్ల పైకి వంగిపోతుంది. కొంత దూరం పోయాక నేల దగ్గర ఏమీ మిగలదు, శబ్దానికి నీడ పడినట్టు. గాలి వాలున వెళ్ళే శబ్దం కిందికి వంగుతుంది కాబట్టి చాలా దూరం చక్కగా వినిపిస్తుంది. మనుషుల చెవుల కన్నా కుక్క చెవులు ఎంత చురుకైనా, అక్కడికి చేరని శబ్దాన్ని అవీ వినలేవు. దానికి తోడు పరిగెత్తేటప్పుడు చెవుల్లో గాలి, కాళ్ళ కింద మొక్కజొన్న మోళ్ళు విరిగే చప్పుడు, గడ్డకట్టిన మంచు పెళపెళ. కాబట్టి ఈ శనివారం మీరు చేయాల్సిన మొదటి పని కుక్కతో కాదు. మీ ఇంట్లోవాళ్ళనో స్నేహితుడినో తీసుకెళ్ళి, ఎదురుగాలిలో ఎనభై, వంద, నూట ఇరవై గజాల దగ్గర వంగి కూర్చోబెట్టి విజిల్ ఊదండి. వినపడితే చెయ్యెత్తమనండి. ఎక్కడ చెయ్యి లేవడం ఆగిందో ఆ దూరం దాటాక, ఆ గాలిలో, విజిల్‌కి ఆగలేదని బ్రూనోని ఒక్క మాట కూడా అనకూడదు.

విజిల్ సంగతి కూడా చూసుకోండి. లోపల గింజ ఉన్న విజిల్ అయితే నోటి తడి గడ్డకట్టి గింజ అతుక్కుపోతుంది. ఊదితే బుస్సుమంటుంది, కూత రాదు. గింజలేని ప్లాస్టిక్ విజిల్ కొనండి. ఇనుపది, ఇత్తడిది వద్దు, పెదవికి అతుక్కుంటే తోలు లేచి వస్తుంది. తాడుకి కట్టి కోటు లోపల, ఒంటికి తగిలేలా ఉంచుకోండి. ముందుకి కొమ్ములా గొట్టం ఉండి శబ్దాన్ని ముందుకి తోసే రకాలు కూడా దొరుకుతాయి, ఈ కాలంలో నేను అదే వాడతాను. మన చెవులకి నరకం, కానీ పని జరుగుతుంది.

వినపడటం తర్వాత కనపడటం. ఫీల్డ్ ట్రయల్స్ (రిట్రీవర్ల పోటీలు) చూసి చాలామంది తెల్లకోటు కొంటారు, పచ్చగడ్డిలో తెలుపు బాగా కనపడుతుందని. మంచు పడ్డాక అదే కోటు వేసుకుని నిలబడితే మీ చేతులు కుక్కకి కనపడవు. వెనకాల మంచు తెలుపు, మీరు తెలుపు. నల్లకోటు వేసుకోండి. మీ వెనక చెట్ల గుంపు ఉంటే మళ్ళీ తెలుపే మేలు. అంటే కోటుని బట్టి కాదు, మీ వెనక ఉన్నదాన్ని బట్టి. కుక్కకి సూక్ష్మమైన వివరాలు మనంత బాగా కనపడవు, కదలిక బాగా కనపడుతుంది. అందుకే ఓవర్ ఇచ్చేటప్పుడు చెయ్యి మాత్రం చాపి ఊరుకోకుండా అటువైపు రెండడుగులు వెయ్యండి. అలాగే విజిల్‌కి ఆగగానే చెయ్యి ఊపేయకండి. రెండు సెకన్లు ఆగండి. చలిగాలిలో కుక్క ఒళ్ళు మీ వైపు తిరిగినా ముక్కు గాలి వైపే ఉంటుంది. చూపు మీ మీదకి వచ్చాకే సైగ. ఇక గడ్డకట్టిన నేల మీద కూర్చోకుండా నిలబడి చూస్తుంటే నేను ఒప్పుకుంటాను. కూర్చోవాల్సిందేనని పట్టుబట్టే ట్రైనర్లు ఉన్నారు. వాళ్ళని ఆ మంచు మీద ఓసారి కూర్చోమనాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కొట్టుకుపోవడం. మాది గోదావరి ఒడ్డు. వరదనీటిలో పడవ దాటించేవాళ్ళు అవతలి రేవుకి తిన్నగా గురిపెట్టరు. ముక్కు ఎగువకి పెట్టి తోస్తారు, ఏరే దించుకుంటూ వచ్చి రేవులో పెడుతుంది. పక్కగాలిలో పరిగెత్తే కుక్కకీ ఇదే జరుగుతుంది. మొహానికి ఒకవైపే చలి కొడుతుంటే, కళ్ళలో మంచు పొడి పడుతుంటే, ఏ జీవమైనా కొద్దికొద్దిగా మొహం తిప్పుకుంటుంది. మొహం తిరిగితే ఒళ్ళూ తిరుగుతుంది. మీకు ఎడమ నుంచి గాలి అన్నారు, బ్రూనో కుడికి జరుగుతున్నాడు అన్నారు. అది మొండితనం కాదు.

కానీ ఇందులో ఒక కిటుకు ఉంది, దీన్ని పట్టుకోకపోతే మీరు ఎన్ని బ్లైండ్లు పెట్టినా చెడు అలవాటునే నేర్పుతారు. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తోంది. పక్షి వాసన కూడా కుడికే పోతుంది. కుడికి కొట్టుకుపోయిన కుక్క పక్షికి వాలున చేరుతుంది, అక్కడ వాసన తగులుతుంది, గిరుక్కున తిరిగి పక్షిని పట్టుకుంటుంది. మీరేమో ‘పోనీలే, దొరికింది కదా’ అని మెచ్చుకుంటారు. కుక్కకి అర్థమైంది ఏంటి? ‘గాలి వాలున పోతే దొరుకుతుంది. ఆయన చూపించిన గీతతో పనేముంది?’ నాలుగు వారాలు ఇలా జరిగితే అది అలవాటు కాదు, సిద్ధాంతం అయిపోతుంది.

అందుకని పక్కగాలి బ్లైండ్లకి నేను పక్షిని వాడను. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ బంపర్ (పక్షికి బదులు ట్రైనింగ్‌లో వాడే గొట్టంలాంటి బొమ్మ) వాడతాను. వాసన దాదాపు ఉండదు, కాబట్టి వాలున పోతే ఏమీ దొరకదు. నేను చూపించిన దారిలో పోతేనే దొరుకుతుంది. పక్షిని ఎదురుగాలి బ్లైండ్లకి దాచుకుంటాను. అక్కడ దూరం నుంచే వాసన ముక్కుకి తగులుతుంది, కుక్క ఉత్సాహంగా దూసుకుపోతుంది. చలిలో నీరసపడ్డ కుక్కకి అది ధైర్యం ఇస్తుంది. ఎలాగూ అక్కడ మీ విజిల్ పనిచేయదు, ముక్కునైనా పనిచేయనివ్వండి. ఒక జాగ్రత్త, ఫ్రీజర్‌లోంచి తీసిన బాతుని రాయిలా ఉన్నప్పుడే పెట్టకండి. గడ్డకట్టిన పక్షికి వాసన తక్కువ, నోట్లో పట్టడం కష్టం, కొన్ని కుక్కలు వదిలేసి వచ్చేస్తాయి. ముందురోజు రాత్రే బయటపెట్టి కరగనివ్వండి.

బంపర్ రంగు కూడా మంచులో తిరగబడుతుంది. మామూలుగా బ్లైండ్‌కి నారింజ రంగు వాడతాం. కుక్కకి ఎరుపు, నారింజ, పచ్చ మధ్య తేడా సరిగ్గా తెలీదు కాబట్టి గడ్డిలో అది కనపడదు, మనకి మాత్రం కనపడుతుంది. తెల్లటి మంచు మీద అదే బంపర్ ముదురు మచ్చలా యాభై గజాల నుంచి కనపడుతుంది. ఇక అది బ్లైండ్ ఎలా అవుతుంది? మంచులో బ్లైండ్‌కి తెల్ల బంపర్ పెట్టండి, మార్కులకి నల్లది విసరండి. తెల్లది ఎక్కడ పెట్టారో మీరే మర్చిపోతారు. అందుకని ఐదారు గజాల వెనక ఒక సన్నటి కర్రకి రిబ్బన్ కట్టి గుచ్చండి. నేను ఇలా గుచ్చకుండా పోగొట్టుకున్న బంపర్లు ఏప్రిల్‌లో మంచు కరిగాక ఆ చేనుగలవాడు ఏరి ఒక బకెట్‌లో పెట్టి ఇచ్చాడు. పదకొండు.

అడుగుల సంగతి ఇంకా ముఖ్యం. మంచులో మీరు నడిచి వెళ్ళి బంపర్ పెట్టి అదే దారిన తిరిగొస్తే, బ్రూనో చేసేది బ్లైండ్ కాదు, మీ బూటు గుర్తుల వెంట షికారు. మంచు లేకపోయినా నేల మీద మీ వాసన ఉంటుంది. చుట్టూ తిరిగి వెనక నుంచో పక్క నుంచో వెళ్ళి పెట్టండి. ఒకే చోట ఒకే రోజు రెండో బ్లైండ్ పెడితే, మొదటిసారి వాడు చేసిన జాడలోకే జారిపోతాడు. కొత్త మంచు పడ్డ ఉదయం మూడు బ్లైండ్లకి మూడు వేర్వేరు చోట్లు చూసుకోండి.

సైగల లెక్క కూడా గాలిలో మారుతుంది. ఉదాహరణకి నూట ఇరవై గజాల బ్లైండ్, గాలి ఎడమ నుంచి. అరవై గజాల దగ్గర వాడు పది గజాలు కుడికి జరిగాడు. విజిల్ ఊదారు, ఆగాడు. మామూలు రోజైతే ఎడమ యాంగిల్ బ్యాక్ ఇస్తే సరిపోతుంది. గాలిలో ఇస్తే ఎడమకి నాలుగడుగులు వేసి, మళ్ళీ గుండ్రంగా కుడికి వచ్చేస్తాడు. సైగ తీసుకున్నట్టే ఉంటుంది, ఫలితం ఉండదు. అక్కడ పూర్తి ఎడమ ఓవర్ ఇవ్వండి. వాడు ఓవర్‌గా బయల్దేరతాడు, గాలి దాన్ని యాంగిల్ బ్యాక్‌గా మార్చేస్తుంది. మీకు కావలసింది అదే. గాలి వాలున పంపాల్సి వస్తే దీనికి తిరగేసి. చిన్న సైగ చాలు, పూర్తి ఓవర్ ఇస్తే పక్క చేలో తేలతాడు. నోటితో అరవడం కూడా తగ్గించండి. ‘బ్యాక్!’ అని గట్టిగా అరిస్తే కుక్క ఊపు మీద తిన్నగా పోతుంది, దిశ మార్చాల్సిన చోట మాట లేకుండా చేత్తో ఇచ్చిన సైగే ఎక్కువ పలుకుతుంది.

దీన్నంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, గాలి వైపు ఉండటం కష్టం, వాలుకి రావడం తేలిక. కాబట్టి ముందే ఎగువన ఉండేలా చూసుకోండి. పది గజాలు జరిగాక కాదు, మూడు గజాలు జరగ్గానే ఆపండి. మొదటి ముప్ఫై, నలభై గజాల్లో ఆపితే విజిల్ వినపడుతుంది, సైగ కనపడుతుంది, వాడికి ఎందుకు ఆపారో కూడా తెలుస్తుంది. చాలామంది ‘సర్దుకుంటాడేమో చూద్దాం’ అని వదిలేస్తారు. వంద గజాల అవతల సర్దబోతారు, అక్కడ ఏదీ పనిచేయదు. చివరి ఇరవై గజాల్లో మాత్రం దీనికి తిరగేసి. అక్కడ కుక్క పక్షికి ఎగువన ఉంటే వాసన తగలక పక్క నుంచే దాటి వెళ్ళిపోతుంది. కొంచెం వాలుకి దిగనివ్వండి, ముక్కు మిగతా పని చూసుకుంటుంది.

పంపే ముందు మీరు గాలి చూడాలి. ఫోన్‌లో ఆప్ చూసి ‘వాయవ్యం, గంటకి 18 మైళ్ళు’ అనుకుని వెళ్ళకండి. చెట్ల వరస పక్కన, గట్టు వెనక గాలి తిరిగిపోతుంది. మా నాన్న కళ్ళంలో తూర్పార పట్టే ముందు గుప్పెడు పొట్టు జారవిడిచి చూసేవాడు. నేను ఎండుగడ్డి నలిపి వదులుతాను, మోకాలి ఎత్తు నుంచి. నా ఎత్తులో గాలి ఎటుందో నాకు అక్కర్లేదు, కుక్క ఎత్తులో ఎటుందో కావాలి.

బ్రూనో ఊరికే ఆగి చూడటానికి వద్దాం. దీన్ని పాపింగ్ అంటారు. మీరు చెప్పినదాన్ని బట్టి గత మూడు వారాల్లో వాడికి విజిళ్ళు ఎక్కువయ్యాయి, మెచ్చుకోళ్ళు తక్కువయ్యాయి. ‘ఎలాగూ ఆపుతాడు, ఆపితే తిడతాడు, నేనే ముందు ఆగి అడిగేస్తే పోతుంది కదా’ అనుకునే స్థితికి వచ్చాడు. వాడు ఆగి చూసినప్పుడు తిట్టకండి, వెంటనే సైగ కూడా ఇవ్వకండి. బొమ్మలా నిలబడండి. మూడు నాలుగు సెకన్లయ్యాక, తప్పు దారిలో ఉన్నా సరే, మామూలు గొంతుతో తిన్నగా ‘బ్యాక్’ ఇవ్వండి. రెండు వారాలు వాడికి తెలిసిన చోట్లకే పంపండి, ఎప్పుడూ బంపర్లు ఉండే చోటికి, గాలి వెనక నుంచి ఉండేలా. విజిల్ అసలు ఊదొద్దు. ఒక్క బంపర్ కాదు, నాలుగైదు కుప్పగా పెట్టండి, వెళ్ళినచోట దొరికి తీరాలి. ఆ తర్వాత కూడా ప్రతి మూడు బ్లైండ్లలో ఒకటి విజిల్ లేకుండా ముగిసేలా చూసుకోండి. కాటుకకి ఇది మానడానికి మార్చి దాకా పట్టింది. నేను చేసిన తప్పుకి అది మూడు నెలలు ఖర్చుపెట్టింది.

గాలి వెనక నుంచి అన్నాను కదా, దానికీ ఒక చిక్కు ఉంది. విజిల్ చక్కగా వినపడుతుంది, కుక్క వేగంగా పోతుంది, కానీ బంపర్‌ని దాటితే గానీ వాసన రాదు. కొంచెం దాటి వెళ్ళి వెనక్కి తిరిగితే కంగారుపడి విజిల్ ఊదకండి.

ఆ తర్వాత ఎదురుగాలికి వెళ్ళండి, అరవై గజాలు మించకుండా, పక్షితో. పక్కగాలి చివర్న. డిసెంబరు, జనవరిలో దూరాలు అక్కర్లేదు. ఇంటి దగ్గర స్కూలు మైదానమంత మంచు చాలు, కుక్కలకి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. మూడు దిక్కుల్లో బంపర్లు పెట్టి సైగలు ఇచ్చే బేస్‌బాల్ డ్రిల్, చక్రం ఆకుల్లా చుట్టూ బంపర్లు పెట్టి చూపించిన దానికే పంపే వాగన్ వీల్ డ్రిల్. బోరు కొడతాయి, నిజమే. కానీ నా రెండో కుక్క జున్ను సైగలు పదును తేరింది ఒక జనవరిలో, రోజూ పది నిమిషాలు, ఈ రెండిటితోనే. జున్ను లేత పసుపు ల్యాబ్, మంచులో వంద గజాల అవతల నాకే కనపడడు, మెడకి నారింజ పట్టీ కడతాను. మీ బ్రూనో ఏ రంగో మీరు చెప్పలేదు.

చలికి హద్దు ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు. 20 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 7, గాలి గంటకి 20 మైళ్ళుంటే ఒంటికి తగిలేది 4 ఫారెన్‌హీట్ చలి. ఈ లెక్క మనిషి మొహానికి కట్టింది, ల్యాబ్‌కి రెండు పొరల బొచ్చు ఉంది, పొడిగా ఉన్నంతసేపు వాడు మనకన్నా హాయిగా ఉంటాడు. తడిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. ఈ తగిలే చలి సున్నా ఫారెన్‌హీట్‌కి దిగితే నేను ఫీల్డుకే వెళ్ళను. వెళ్ళిన రోజున మూడు బ్లైండ్లు, అంతే. మధ్యలో కారులో, గాలి తగలకుండా. చెవి కొనలు తాకి చూడండి. వేళ్ళ మధ్య మంచు ఉండలు కట్టి కుంటుతుంటే అది కూడా ‘మాట వినట్లేదు’ లాగే కనపడుతుంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు కాళ్ళకి అంటితే ఇంటికెళ్ళి కడగండి, నాకనివ్వకండి.

నీళ్ళ బ్లైండ్లు ఏప్రిల్ చివరిదాకా మర్చిపోండి. సీనియర్‌లో ఒక నేల బ్లైండ్, ఒక నీళ్ళ బ్లైండ్ ఉంటాయి, అందుకే మీకు ఆత్రంగా ఉండొచ్చు. కానీ వణికించే నీళ్ళలోకి పంపితే కుక్క నేర్చుకునేది ఒక్కటే, గట్టు వెంట చుట్టూ తిరిగి పోవడం. దాన్ని వేసవంతా మాన్పించాలి. పైగా ఒక నవంబరులో చల్లటి నీళ్ళలో ఈదాక జున్ను తోక తడి తాడులా వేలాడిపోయింది, ఎత్తలేడు, ముట్టుకుంటే మూలిగాడు. విరిగిందనుకుని టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ల్యాబ్‌లకి చల్లనీళ్ళలో ఇలా అవుతుందని, విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుందని చెప్పారు. నాలుగో రోజుకి తోక లేచింది. ఇక గడ్డకట్టిన చెరువు అంచులకి అసలే వద్దు. మినసోటా సహజవనరుల శాఖవాళ్ళు మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలంటారు, అదీ కొలిచి చూసుకున్నాక. గడ్డి మొలిచే అంచుల్లో మంచు ఎక్కడ పల్చగా ఉంటుందో ఎవరికీ తెలీదు. కుక్క పడితే మీరు దిగుతారు. అందుకే బంపర్ అటు విసరకపోవడమే మందు.

కాలర్ గురించి చివరి మాట. నేను దానికి వ్యతిరేకిని కాదు, వాడతాను. కానీ చలికాలం బొచ్చు దట్టంగా పెరిగి ఆ రెండు ముళ్ళు తోలుకి ఒకసారి తగులుతాయి, ఒకసారి తగలవు. నిన్న మూడో లెవెల్‌కి ఏమీ అనలేదని ఇవాళ ఐదు పెడితే, ఇవాళ ముళ్ళు సరిగ్గా ఆని ఉంటాయి. వాడు వినగలిగాడు, చూడగలిగాడు, అయినా చేయలేదు అని మీకు పూర్తిగా నమ్మకం ఉన్నచోట తప్ప ఆ బటన్ మీద వేలు పెట్టకండి. గాలిలో, వంద గజాల అవతల, ఆ నమ్మకం నాకు ఇప్పటికీ రాదు. టెస్టులో ఎలాగూ మెడలో ఏమీ ఉండదు.

మే టెస్టుకి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ఎంట్రీలు ముగిసే తేదీ చూసుకుని, మార్చి చివర్లో నేల బయటపడ్డాక, పక్కగాలిలో ఎనభై గజాల బ్లైండ్ మూడు వేర్వేరు చోట్ల పెట్టి చూడండి. మీ వెనక ఎవరినైనా నిలబెట్టి వీడియో తీయించండి, పక్క నుంచి తీస్తే కొట్టుకుపోవడం తెలీదు. కెమెరాకి కనపడేలా మోకాలి ఎత్తున ఒక కర్రకి రిబ్బన్ కట్టి ఉంచండి, గాలి ఎటుందో నాకూ తెలియాలి. అది పంపితే ఎక్కడ ఆలస్యంగా ఊదుతున్నారో చెబుతాను.